గుండ్రం తప్పిన కంటిపాప

ఒళ్ళో ఉన్న సంచి చలి బట్టల్లోంచి తొడలకు దిగుతోంది, దిగనీ, చల్లగా ఉన్నంతసేపూ బెంగ లేదు, ఐసు కరగకముందే తెచ్చివ్వాలమ్మా అని ల్యాబాయన మరీ మరీ చెప్పాడు, నవ్వకుండా చెప్పాడు, ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ ఆ మాట నవ్వకుండా చెప్పడం ఎన్నేళ్ళకు పట్టుబడిందో పాపం. సంచిలో రెండు డబ్బాలు. ఎర్రమూతది తనది, నీలంమూతది మాస్టారిది. లోపల ఉన్నది పొద్దున్నే ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని వదిలించుకునే సరుకే. దాన్ని ఇలా ఐసులో పెట్టి, జిప్పు వేసి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, బస్సెక్కి, ఊరి ఆ చివరనున్న ఆస్పత్రికి, అందులోనూ కంటి ఆస్పత్రికి మోసుకెళ్ళే రోజు వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే ముందు వాళ్ళనే డాక్టరుకు చూపించుకోమనేది. ఎదురుసీట్లో పెద్దావిడ ఇందాకటినుంచీ సంచి వంకే చూస్తోంది, చూసి చూసి ఉండబట్టలేక, "భోజనం కట్టుకెళ్తున్నారామ్మా?" అంది. "అవునండీ, నిన్నటిది," అంది ఈవిడ. పక్కన కూర్చున్న మాస్టారికి పొలమారింది. ఏమీ తినకుండా, తాగకుండా పొలమారడం ఆయనకే చెల్లింది. మామూలుగా అయితే పెళ్ళాం ఇలాంటి మాట విసిరినప్పుడు ఆయన అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకునేవారు, ఇవాళ నవ్వలేదు, దగ్గి ఊరుకున్నారు. పొద్దుటినుంచీ అదోలా ఉన్నారు.

బస్సు వంతెన ఎక్కింది. ఎండ ఒక్కసారిగా కిటికీలోంచి మీద పడింది, నల్లకళ్ళజోడు ఉన్నా కుడికన్ను దానంతటదే మూసుకుంది, మూసుకున్నాక చూసుకుంటే నొప్పి లేదు, ఉత్త అలవాటు, కొట్టే మాస్టారు సెలవులో ఉన్నా బెత్తం చూస్తే అరచెయ్యి వెనక్కి లాక్కునే పిల్లాడి అలవాటు. అయినా నొప్పి లేదు కదా అని నమ్మడానికి లేదు, పోయినసారీ నొప్పి లేకుండానే మొదలైంది. ఎడమకన్ను ఒక్కటీ తెరిచి చూస్తే డ్రైవరు ముందున్న అద్దంలో డ్రైవరు కళ్ళు కనబడుతున్నాయి, ముదురు కాఫీపొడి రంగు, అంచున సన్నటి బూడిద వలయం, తెల్లగుడ్డుకు పసుపు ఒక చుక్క కలపాలి, ముక్కువైపు మూలలో ఎర్రపోగులు మూడు, కాదు నాలుగు, నిద్ర చాలని మనిషి. మనిషి కనబడితే చాలు చేతులు రంగులు కలిపేస్తాయి, ఏం చేస్తుంది, ముప్పై ఏళ్ళ పని. కళ్ళమ్మ అంటారు ఆవిడను. గాజుకళ్ళు చేస్తుంది. గాజు ఎప్పుడో పోయింది, ఇప్పుడంతా ప్లాస్టిక్కే, అయినా జనం నోట గాజు పోలేదు. కన్ను పోయినవాళ్ళు వస్తారు, ఉన్న కన్ను చూసి లేని కన్ను చెయ్యాలి. తెల్లటి చిప్ప మీద నల్లగుడ్డు రంగులు దించాలి, నడిమధ్య కంటిపాప చుక్క పెట్టాలి, ఎర్ర పట్టుదారాన్ని పోగులుగా విడదీసి, వెంట్రుకకన్నా సన్నటి పోగును తడికుంచెతో వంకరటింకరగా అతికించి నరాలు పరవాలి, ఆపైన అద్దంలాంటి పూత పోసి రుద్ది మెరుగు పెట్టాలి. వచ్చినవాళ్ళను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా తను కూర్చుని చూస్తుంది, కట్టుకున్నవాళ్ళు కూడా అంత దగ్గరనుంచి అంతసేపు చూసి ఉండరు, అలా చూసేసరికి మనుషులకు ఏదో అవుతుంది, అడక్కుండానే కడుపులో ఉన్నదంతా చెప్పేస్తారు. ఆవిడ ఊఁ కొడుతుంది. కొడుతూ రంగు కలుపుతుంది.

కడుపులో ఉన్నది. అదిగో, తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. రెండేళ్ళ కిందట ఒక పొద్దున లేచేసరికి కుడికన్ను ఎర్రగా నిప్పుకణికలా ఉంటే కళ్ళకలక అనుకుంది, నలుగురూ నాలుగు చెప్పారు, చల్లనీళ్ళు కొట్టమన్నారు, దూది పెట్టమన్నారు, పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు. కళ్ళకలకైతే రెండో కంటికి అంటుకోవాలి, అంటుకోలేదు. వెలుతురు సూదుల్లా గుచ్చింది, మంచికన్ను మీద వెలుతురు పడ్డా ఈ కన్నే నొచ్చింది, అదేం చుట్టరికమో. ఆస్పత్రిలో డాక్టరమ్మ సన్నటి దీపం కంట్లోకి వేసి చాలాసేపు చూసి, కంటి లోపల వాపు అంది, బయట కాదు లోపల, నల్లగుడ్డు వాచి వెనకున్న కటకానికి అతుక్కుంటోంది అంది. ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. "మీ కడుపు ఎలా ఉంటుందమ్మా?" కళ్ళమ్మ మాస్టారి వంక చూసింది, మాస్టారు డాక్టరమ్మ బల్ల మీది కాగితం వంక చూశారు, వేరే ఎవరి కాగితమైనా కలిసిపోయిందేమోనని. నోటిపూత వస్తుందా, విరేచనాలా, బిగపట్టడమా, ఏం తింటారు, ఆకుకూరలు తింటారా, ఏ మందులు వాడారు, అన్నీ కడుపు ప్రశ్నలే. కంటి డాక్టరు దగ్గరికొస్తే కడుపు గురించి అడుగుతుందేంటి అని మెట్లు దిగుతూ గొణిగింది. "తల వెంట్రుకలు కత్తిరించేవాడు కాళ్ళ కొలత అడిగినట్టుంది," అన్నారు మాస్టారు. ఆరోజు ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకా మొదటిసారే కదా, నవ్వొచ్చింది.

నాలుగోసారి వచ్చాక నవ్వు రాలేదు. అప్పుడు డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని నిదానంగా చెప్పింది, పేగుల్లో కోట్లకు కోట్లు సూక్ష్మజీవులు కాపురం ఉంటాయమ్మా, చాలావరకు మంచివే, అన్నం పెట్టినింటికి చాకిరీ చేసే రకం, ఒంటికి కాపలా కాసే కణాలు ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో అక్కడే చాలావరకు నేర్చుకుంటాయి, అక్కడి కాపురం చెడితే చదువు తప్పుతుంది, పేగులో ఏదో జీవిని చూసి శత్రువనుకున్న కాపలావాడు కంట్లో దాని పోలికే ఉన్నదాన్ని చూసి వీడూ వాడేనని కొట్టడం మొదలెడతాడు, ఎలుకల్లో చూశారు, మనుషుల్లో ఇంకా తేలలేదు, తేల్చడానికే ఈ పరిశోధన, మీరూ ఉంటారా అంది. కంచే చేను మేయడమన్నమాట, అన్నారు మాస్టారు. అంతే మాస్టారూ, అంది డాక్టరమ్మ. కంటికి ఏమవుతుందో కడుపుకు తెలియదనుకుంది ఇన్నాళ్ళూ. కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నారంటారు సుఖపడ్డవాళ్ళని, తన కడుపులో ఏ చల్ల ఎప్పుడు కదిలిందో, పళ్ళనొప్పికి ఆ ఏడాది వరసగా మింగిన మాత్రలకా, పని మీద పడి పూటలు పూటలు రొట్టెముక్కతో సరిపెట్టినందుకా, అమ్మ కడుపులోంచి వచ్చిందా, ఎవరికి తెలుసు, డాక్టరమ్మకూ తెలియదట, తెలియదని చెప్పే డాక్టరు మీద ఎందుకో ఆవిడకు నమ్మకం కుదిరింది. పోల్చి చూడ్డానికి అదే వంట తినే ఇంకో మనిషిది కూడా కావాలన్నారు, ఆరోగ్యంగా ఉన్న మనిషిది. అదే వంట తినే మనిషంటే ఇంట్లో మాస్టారే. ఆయన కడుపు రాళ్ళు తిన్నా అరిగించుకునే కడుపు, పెళ్ళయిన కొత్తలో తను మాడ్చిన కూరలన్నీ మెచ్చుకుంటూ తిన్న కడుపు.

బస్సు ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, ఎక్కినవాడి చంకలో చుట్టిన గుడ్డతాను, దర్జీ కాబోలు. ఆ దర్జీ కాదు. ఆ దర్జీ ఇంకా పొడుగు, మెడలో టేపు వేసుకునే వచ్చాడు కన్ను చేయించుకోవడానికి, తియ్యడం మర్చిపోయానమ్మా అన్నాడు. కిటికీ దగ్గర మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, ఉన్న కన్ను చూస్తూ తేనెరంగు కలుపుతుంటే చెప్పాడు, మొదట ఎర్రబడిందమ్మా, వెలుతురు చూడలేకపోయేవాణ్ణి, తగ్గేది, మళ్ళీ వచ్చేది, దుకాణంలో చుక్కలు కొనుక్కుని వేసుకునేవాణ్ణి, పండక్కి బట్టలు కుట్టాలి కదా ఆగితే ఎలా అనుకునేవాణ్ణి, నెమ్మదిగా మసకలు కమ్మి కన్ను చిన్నదైపోయింది, ఎండిన ఉసిరికాయలా. కుంచె పట్టుకున్న కళ్ళమ్మ చెయ్యి ఆగింది. అప్పటికి తనకు రెండుసార్లు వచ్చి తగ్గింది. ఆయనకు ఏమీ చెప్పలేదు, ఊఁ కొట్టింది, రంగు ఆరకముందే దిద్దాలి కదా. ఒంటికన్నుతో సూదిలోకి దారం ఎక్కించడం ఎలా ఉంటుందని మాత్రం అడిగింది. దారం బెజ్జం పక్కనుంచి పోతుందమ్మా, ముందుకుందో వెనక్కుందో తెలియదు, అంటుకుందనుకుంటాం, అంటుకోదు, అన్నాడు. తెలియక కాదు ఆవిడ అడిగింది. తన కుంచె మొన ఎక్కడ తగులుతోందో తెలియకపోతే పట్టుపోగు ఎక్కడ అతుక్కుంటుంది, వెంట్రుకంత తేడాలో నరం కాస్తా గీత అయిపోతుంది, కన్ను కాస్తా బొమ్మ అయిపోతుంది. కన్ను చేయించుకోవడానికి వచ్చినవాళ్ళంతా ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో కూర్చున్నారు, తను ఈ కుర్చీలో కూర్చుంది, రెండు కుర్చీల మధ్య మోకాళ్ళంత దూరమే ఉంది. ఆ సంగతి ఆరోజు బాగా తెలిసింది.

అందుకని ఇవాళ ఈ డబ్బాల సంగతి ఎలా ఉన్నా అసలు సంగతి దీపం దగ్గర తేలుతుంది. డాక్టరమ్మ ఇచ్చిన కంటిచుక్కలు ఆపి నెల దాటింది. చుక్కలు వాడితే కంట్లో ఒత్తిడి పెరుగుతోంది, ఆపితే వాపు తిరిగొస్తోంది, ముందు నుయ్యి వెనక గొయ్యి. ఈసారి ఆపాక కూడా కన్ను నిమ్మళంగా ఉంటే సరే, లేదంటే ఒంట్లో కాపలా మొత్తాన్ని అణిచేసే పెద్దమందులు మొదలుపెట్టాలి అంది డాక్టరమ్మ, వాటితో జ్వరాలు, నీరసం, చేతులు వణకొచ్చు అని కూడా అంది, ఆ చివరి మాట ఆవిడ ఏ కాగితం చూడకుండా మామూలుగా అనేసింది, చేతుల పని చేసేవాళ్ళకు ఆ మాట ఎక్కడ తగులుతుందో పాపం ఆవిడకేం తెలుసు. కిటికీలో ఎండ పడ్డప్పుడు గదిలో దుమ్ము తేలడం చూశారా, వాపుంటే కంటిలో కూడా అలాగే కనబడుతుంది నాకు, అంది. దుమ్ము ఉందా లేదా. అంతే ఇవాళ్టి ప్రశ్న. మిగతా అంతా బస్సు ప్రయాణం.

దుమ్ము సంగతికేం, మామయ్య బోర్డులు రాసే రోజుల్లో దుమ్ముతోనే కాపురం. మేనమామ దగ్గరే పని నేర్చింది. కొట్ల పేర్లు రాసే మనిషి, ఎవరికో కన్ను పోతే ఊరికే ప్రయత్నించి చేసి, అదే బతుకుతెరువు చేసుకున్నాడు. తన మేనకోడలు రంగు పట్టుకోవడం చూసి, ఇది నాకన్నా దొంగది, కంటిని చూడగానే ఎత్తుకుపోతుంది అనేవాడు. కంటిపాప గుండ్రంగా పెట్టడం నేర్పడానికే ఏడాది పట్టించాడు, కాగితాల మీద చుక్కలు, చుక్కలు, వందల చుక్కలు, రాత్రి కళ్ళు మూసుకుంటే నల్లచుక్కలే. గుండ్రం తప్పితే గొర్రెకన్ను అవుద్ది అనేవాడు. మళ్ళీ తనే అనేవాడు, రెండు కళ్ళూ అచ్చంగా ఒకేలా ఉన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు, వేరుగా ఉంటేనే అది జత, అచ్చంగా చేశావో చూసినవాడు ఇట్టే పట్టేస్తాడు. ఆయన పోయాడు, చుక్కలు పోలేదు, నిద్రలో పెట్టినా గుండ్రంగానే వస్తాయి. తన కంట్లో మాత్రం ఇప్పుడు గుండ్రం లేదు. నల్లగుడ్డు కింద అంచున అతుక్కుపోయి పాప ఒకవైపు లాగినట్టు, జీడిపప్పులా ఉంది. అద్దంలో మొదటిసారి చూసుకున్నప్పుడు భయానికన్నా ముందు సిగ్గేసింది, ఎవరో చేతకాని పనివాడు చేసిన కన్ను తన మొహంలో పెట్టినట్టనిపించింది.

అందుకే చేసిందేమో ఆ పని. ఎందుకు చేసిందో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మూడోసారి తగ్గాక ఒక మధ్యాహ్నం ఎవరూ రాలేదు, వెలుతురు బాగుంది, అద్దం ముందు పెట్టుకుని తన కన్నే చేసుకుంది. పక్కవాళ్ళు కొత్త గిన్నె కొని అటకమీద పెట్టుకున్నట్టు, అవసరం వస్తే ఉంటుంది, రాకపోతే మంచిదే. ఇంకా రెండు కళ్ళూ ఉన్నప్పుడే, చెయ్యి కుదురుగా ఉన్నప్పుడే చెయ్యాలి, తర్వాత ఎవరు చేస్తారు తనకి, పక్క ఊళ్ళో చేసేవాడు అందరికీ ఒకే గోధుమరంగు వేస్తాడు, ఎర్రపోగులు దండెం కట్టినట్టు తిన్నగా పరుస్తాడు. చేస్తున్నంతసేపూ ఏడవలేదు, పని కదా. అయ్యాక దూదిలో చుట్టి, పాత టీపొడి డబ్బాలో కత్తెర పక్కన పెట్టి మూత వేసింది. మాస్టారికి చెప్పలేదు. చెప్పుకుంటే బెంగ సగం అవుతుందంటారు, ఆయనకు చెబితే రెండింతలవుతుంది, ఆయన తత్వమే అంత, బయట పిల్లలంతా పులి అనుకునే మనిషి ఇంట్లో జ్వరం కొలిచే కర్రలో పాదరసం పైకి కదిలితే మంచం మీద కూలబడతాడు.

"ఇదిగో, ఒక మాట," అన్నారు మాస్టారు. ముందుసీటు వీపుతో మాట్లాడుతున్నట్టు చెప్పారు.

"ఊఁ."

"కోప్పడనంటే చెబుతాను."

"ముందు చెప్పండి, కోపం సంగతి తర్వాత చూద్దాం."

"ఆ రెండూ నావే."

ఏ రెండూ అని అడగబోయి ఆవిడ ఒళ్ళోకి చూసింది. సంచి చల్లగా, బుద్ధిగా కూర్చునుంది. ఎదురుసీటు పెద్దావిడ నిద్రపోతోంది, అదృష్టవంతురాలు.

"మరి నాది?"

"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు పారబోశాను. డబ్బా సబ్బు పెట్టి కడిగి, తుడిచి, నాది సగం అందులో పెట్టాను." కిటికీ వైపు తిరిగి, "శుభ్రంగానే కడిగాను," అన్నారు.

ఆవిడకు కోపం రావాలి, వస్తోంది, దారిలో ఎక్కడో నవ్వు అడ్డం పడింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ దొంగ బస్సులోనే లొంగిపోయాడు. అదీ ఎవరు, లెక్కల మాస్టారు, ముప్పయ్యేళ్ళు పరీక్షహాల్లో పిల్లిలా తిరిగి మేజోళ్ళలో, స్కేలు వెనక, చేతికట్టు కింద దాచిన చీటీలన్నీ లాగిన మనిషి, మాస్టారి గదిలో గోడలక్కూడా కళ్ళుంటాయిరా అని పిల్లలు వణికిన మనిషి, ఉద్యోగం వదిలాక, అరవై దాటాక, జీవితంలో మొదటిసారి కాపీ కొట్టారు. అదీ దేంట్లో.

"ఎందుకండీ?"

"నీ దాంట్లో చెడ్డవి ఎక్కువున్నాయని తేలితే ఆ పెద్దమందులు మొదలెడతారని భయమేసింది. నా కడుపు ఏనాడూ పేచీ పెట్టలేదు కదా, నాది చూపిస్తే..."

"నేను పాసైపోతానా?"

మాస్టారు తలూపారు. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది, ఆవిడ ఆస్పత్రిలో అసలు సంగతి చెప్పేసి, ఇంటికొచ్చాక పదేళ్ళపాటు అందరికీ చెప్పి నవ్వుకునేది. ఆయన మాత్రం చేతులు చూసుకుంటూ, గొంతు తగ్గించి, "పోయిన ఆదివారం కత్తెర కోసం టీపొడి డబ్బా తీశాను," అన్నారు.

బస్సు మలుపు తిరిగింది. సంచి పక్కకు ఒరగబోతే ఆవిడ పట్టుకుంది, సంచిని పట్టుకున్న చేతి మీద ఆయన చెయ్యి కూడా పడింది.

"మొదట ఎవరో చేయించుకున్నది అనుకున్నాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. కిందవైపు, గడియారంలో ఐదంకె ఉండేచోట, నీ కంట్లో లాగే ఆ తేనెచుక్క లాంటి మచ్చ ఉంది."

నల్లగుడ్డులో ఆ మచ్చ ఆవాలగింజలో సగం ఉండదు, వెలుతురు ఏటవాలుగా పడితే తప్ప కనబడదు, దాన్ని దించడానికే ఆరోజు గంట పట్టింది. మనుషుల కళ్ళు చూడటం తన పని అనుకుంది ఇన్నేళ్ళూ, ఈ ఇంట్లో చూసేది తనొక్కతే అనుకుంది, ఈయన ఎప్పుడు చూశారు, ఏ వెలుతుర్లో చూశారు, ఎన్నాళ్ళనుంచి తెలుసు, ఏనాడూ ఒక్క మాట అనలేదే, కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పని మనిషి, ఇదెందుకు చెబుతారు. వారంరోజులుగా ఆ డబ్బా సంగతి కడుపులో పెట్టుకుని, పక్కనే పడుకుని, లేచి, అదే వంట తిని, పొద్దున్నే ఒక డబ్బా సబ్బుతో కడుక్కున్నారు. కళ్ళు మండాయి, వాపు మంట కాదు, ఆ తేడా ఆవిడకు తెలుసు. ఈ మనిషిని కట్టుకోవడం మంచిపనే చేశాను అనుకుంది, ఈ మాట ఇన్నేళ్ళలో ఇంత తిన్నగా ఎప్పుడూ అనుకోలేదు.

"కానీ ఒకటి," అన్నారు మాస్టారు, ఇప్పుడు పరీక్ష కాగితం దిద్దుతున్న గొంతుతో, "అందులో పాప గుండ్రంగా ఉంది. నీది లేదుగా."

ఆవిడ నల్లకళ్ళజోడు తీసింది. గుండ్రంగా ఉందా? ఉంటుంది. అద్దంలో జీడిపప్పును చూస్తూ చూస్తూ చేతులు గుండ్రం పెట్టేశాయి, మామయ్య పెట్టించిన చుక్క, దిద్దిన చేతికీ తెలియలేదు, చూసిన కంటికీ తెలియలేదు. వాపు రాకముందరి కన్ను అది. ఎప్పుడో పోయిన కన్ను దాచుకుంది దూదిలో చుట్టి, రాబోయేదానికని.

ఆస్పత్రి మెట్ల దగ్గర గాలికి ఎండుటాకులు తిరుగుతున్నాయి, ఫినాయిలు వాసన, నేల తుడిచేవాడి తడిగుడ్డ, డబ్బాలు తీసుకునే కిటికీ. ల్యాబాయన అలాగే ఉన్నాడు, నవ్వు లేకుండా. ఆవిడ సంచి లోపలికి నెట్టి, ఇవి రెండూ ఒక్కరివేనండీ అని, జరిగింది జరిగినట్టు చెప్పింది, మాస్టారు వెనక గోడమీద కంటి బొమ్మ చదువుతున్నట్టు నిలబడ్డారు. ల్యాబాయన విన్నాడు. "సబ్బు పెట్టి కడిగారా?" అన్నాడు. కడిగారండీ అంది. ఆయన పెదవి ఒక పక్కకు వంగింది, రెండో పక్కకూ వంగింది, కిటికీ కింద తల దించుకుని ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు ఉండిపోయాడు, భుజాలు మాత్రం కదిలాయి. పైకి లేచాక మొహం మామూలుగా ఉంది, చేతిలో కొత్త డబ్బా, ఎర్రమూతది. "నీలంమూతది ఉంచుకుంటాం. మీది ఇంకోసారి తెండమ్మా. ఈసారి స్నానానికి వెళ్తూ వెంట తీసుకెళ్ళండి," అన్నాడు.

తర్వాత చీకటిగది. గడ్డం ఇక్కడ, నుదురు అక్కడ, కదలొద్దు, ఎదురుగా చూడండి. సన్నటి వెలుతురు గీత వచ్చి కంట్లో నిలబడింది. డాక్టరమ్మ ఊపిరి దగ్గరగా వినబడుతోంది, ఇంత దగ్గరగా తను ఎందరికి కూర్చుందో, చూడబడటం ఇలా ఉంటుందన్నమాట, అందుకే చెప్పేస్తారు అన్నీ, ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది, నాకు చేతులు వణకకూడదమ్మా, ఆ దర్జీకి ఏడాదికొకసారి మెరుగు పెట్టాలి, నేను పెడితేనే ఆయనకు నచ్చుతుంది, మా ఆయన వారం నుంచి నిద్రపోలేదు, నాకిప్పుడే తెలిసింది. ఏమీ అనలేదు. గీత కదిలింది, ఆగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది, ఎందుకు వెనక్కి వచ్చింది, ఏదో కనబడితేనే కదా వెనక్కి వచ్చేది, మామయ్య గదిలో మధ్యాహ్నం ఎండ, రంగు గీకిన పలక, తేలే దుమ్ము, బంగారప్పొడిలా ఉండేది, చెయ్యి ఆడిస్తే సుడి తిరిగేది, తలుపు వేస్తే ఏమీ ఉండేది కాదు, దుమ్ము పోయేది కాదు, వెలుతురు పోయేది, వెలుతురు ఉన్నా దుమ్ము లేకుండా ఉండే గది ఎక్కడైనా ఉంటుందా. డాక్టరమ్మ ఇంకా చూస్తూనే ఉంది. సంచి లేని ఒడి తేలిగ్గా ఉంది.

"లేదమ్మా," అంది డాక్టరమ్మ.

"ఏది లేదు?"

"దుమ్ము. ఒక్క రేణువు కూడా లేదు. చుక్కలు ఆపినా సద్దుమణిగే ఉంది." దీపం పక్కకు తిప్పి, "మళ్ళీ ఎప్పటికీ రాదని చెప్పలేను. పెద్దమందులు మాత్రం ఇప్పుడు వద్దు. ఆకుకూరలు మానకండి, మాత్రలు మీ అంతట మీరు మింగకండి, డబ్బా తెచ్చివ్వండి, చూద్దాం," అంది. "ఆ పాప మాత్రం అలాగే ఉండిపోతుందమ్మా. అతుక్కున్నది ఇక విడదు. చూపుకేం ఇబ్బంది లేదు."

"ఉండనివ్వండి," అంది కళ్ళమ్మ.

వసారాలో మాస్టారు బెంచీ చివర కూర్చుని ఉన్నారు, ఫలితాలు గోడకు అంటించేదాకా బయట నిలబడే పిల్లల్లో ఒకడిలా. ఆవిడను చూసి లేవబోయి, ఆవిడ చేత్తో వారిస్తే మళ్ళీ కూర్చున్నారు. ఆవిడ వెళ్ళి ఎదురుగా కూర్చుంది, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా, కిటికీ వెలుతురు పడేచోట.

"ఏమంది?"

"నేను పాసయ్యాను, సొంతంగా రాసి. మీరే పట్టుబడ్డారు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచారు.

"మరి... ఆ టీపొడి డబ్బాలోది?"

"దాని పాప గుండ్రం కదండీ," అంది ఆవిడ. "నాకు సరిపోదు."

ఆయన తెల్లగుడ్లలో ఎర్రపోగులు ఎన్నున్నాయో లెక్కపెట్టబోయింది. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగి లెక్క కుదరలేదు.